పొదుగుయంత్రములును వేడిమి కొలతయు

నైలునది సముద్రమున కలియు ప్రాంతమున బెర్మే యను గ్రామ మొకటి యుండెను. ఆ యూరివారు కోడితో పనిలేకుండ గ్రుడ్లను పొదిగించు విద్యయందు ప్రసిద్ధులు. పొదుగుకాలము రాగానే వారు గ్రామము విడిచి ఈజిప్టు దేశమంతట వ్యాపించి, పొదుగుకొలుములను నడపి, పని ముగిసిన పిమ్మట ఇండ్లకు మరలుచుండిరి. ఆ కొలుములు ఇటుకకట్టడములు. నడుమ సన్నని దారి. దాని కిరువైపుల రెండంతస్తుల గదులు. క్రింది గదులలో వేలకొలది గ్రుడ్లను పరచుదురు. పై గదులలో ఎండిన పేడయు గడ్డియు కాల్చుదురు. మంట లేవరాదు, నిప్పు ఆరిపోరాదు. లోపల వేడిమి యెంత యున్నదో తెలిసికొనుటకు వారియొద్ద ఏ యంత్రమును లేదు. గ్రుడ్డు నొకదానిని తీసి కనురెప్పమీద ఆనించి చూతురు. రెప్పకు హాయిగా తోచినచో సరి. చురుక్కుమన్నచో కొంత నిప్పు తీసివేయుదురు. చల్లగా తోచినచో మరికొంత రాజేయుదురు.

ఈ పద్ధతిని విని నవ్వువారు తొందరపడుచున్నారని నా యభిప్రాయము. కనురెప్ప చర్మము మిక్కిలి పలుచన. పనిచేసి చేసి కాయలు కాచిన యరచేతికి తెలియని భేదము దానికి తెలియును. గ్రుడ్లు తెచ్చియిచ్చిన వారికి మూడింట రెండు పాళ్లు పిల్లలుగా తిరిగి యియ్యవలసిన బాధ్యత కొలుమువానిది; మిగిలినదే వాని లాభము. అట్టి షరతుమీద తరతరములుగా బ్రతికినవారి కొలత తప్పుడు కొలత కానేరదు. క్రీస్తుశకము 1200 ప్రాంతమున ఈజిప్టునకు వచ్చిన బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫు ఈ కొలుములను విపులముగా వర్ణించెను. దానిలోని లోప మొక్కటే: ఆ రెప్ప యొకరి కొక రియ్యదగినది కాదు. తండ్రి కొడుకునకు చూపవలె, కొడుకు చేసి చేసి నేర్వవలె. బెర్మేవారు తమ విద్యను ఇతరులకు చెప్పకుండ దాచిరని యాత్రికులు నిందించిరి గాని, దాచకపోయినను చెప్పుటకు వారియొద్ద మాట లుండవలెను గదా! “ఇంత వేడి” యనుట కొక అంకె లేనప్పుడు రహస్యము తనంతట తానే రహస్యమై నిలుచును.

పొదుగుయంత్రముల చరిత్రము వేడిచేయుట నేర్చిన చరిత్రమని పలువు రనుకొందురు. అది సరిగాదు. వేడిచేయుట మనుష్యునకు ఏనాడో తెలియును. సిసిలీద్వీపమునందలి సిరక్యూసు నగరములో త్రాగుబోతొకడు తన చాపక్రింద నేలలో గ్రుడ్లుంచి, అవి పిల్లలగువరకు త్రాగుచు కూర్చుండెడివాడని అరిస్టాటిలు తన జంతుశాస్త్రమున వ్రాసెను. రోమకచక్రవర్తి అగస్టసు భార్య లివియా గర్భవతిగా నున్నపుడు, పుట్టబోవువాడు మగబిడ్డయో కాదో తెలిసికొనగోరి గ్రుడ్డు నొకదానిని తన యెదలో నుంచుకొని పొదిగెనని ప్లినీ చెప్పెను. మనుష్యుని వేడికి గ్రుడ్డు పిల్లయగునని చెప్పుట కీ కథలు చాలును. తెలియక మిగిలినది, లోపల ఉన్న వేడి యెంత యనునదే. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయందే రెండువందల యేండ్లకు పైగా గడచినవి. నేటికిని మన పల్లెలలో గ్రుడ్లు మురిగిపోవుటకు ముఖ్యకారణములలో నొకటి యా ప్రశ్న నడుగకపోవుటయే.

కొలువకుండగనే అదుపుచేయ నెంచినవా డొకడు ముందుగా బయలుదేరెను. 1572లో హాలండులో పుట్టి, ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు ఆశ్రయమున నుండిన కార్నెలిసు డ్రెబ్బెలు పొదుగుపెట్టె నొకదానిని నిర్మించెను. దానిలోపల సారాయి నింపిన గొట్టము. దాని నంటి పాదరసము. వేడి హెచ్చినచో సారాయి వ్యాకోచించి పాదరసమును నెట్టును. పాదరసము కడ్డీ నెత్తును. కడ్డీ పొగగూటి మూతను దించును. గాలి తగ్గి నిప్పు మందగించును. మనుష్యుని చేయి తగులకుండ వేడిమి తన్ను తానే దిద్దుకొను ఏర్పాటులలో మొదటివానిలో నిది యొకటి. ఇంత చేసినను, ఆ పెట్టెలోని వేడి ఇన్ని డిగ్రీలని చెప్పు సాధనము డ్రెబ్బెలునకు లేదు. అందరు నంగీకరించిన డిగ్రీయే యింకను పుట్టలేదు.

డిగ్రీ పుట్టిన పిమ్మట దానిని గ్రుడ్ల యొద్దకు తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు రెయోమ్యూరు. 1730లో తన పేర వెలసిన ఉష్ణమాపకమును, అనగా థర్మామీటరును, ప్రకటించిన పండితు డితడే. కీటకములనుగూర్చి పెద్ద సంపుటములు వ్రాసినవాడు, ఉక్కునుగూర్చి పరిశోధించినవాడు. ఇంతటివాడు కోడిగ్రుడ్లవెంట పడుట తోడిపండితులకు వింతగా తోచియుండును. ఆయన 1749లో గృహపక్షుల గ్రుడ్లను ఏ ఋతువునందైనను పొదిగించు విధమును గూర్చి పారిసులో గ్రంథము ప్రకటించెను. బెర్మేవాని నొకనిని టస్కనీ ప్రభువు ఫ్లారెన్సు నగరమునకు రప్పించి గ్రుడ్లు పొదిగించెనను వార్త ఆయన యెరుగును. ఆయన కోరినది మనిషిని తెచ్చుట కాదు, మనిషి రెప్పలోని తెలివిని గాజుగొట్టములోనికి తెచ్చుట.

రెయోమ్యూరు మొదట కోడి క్రిందనే తన యుష్ణమాపకము నుంచి చూచెను. తన కొలత ప్రకారము 32 డిగ్రీలు వచ్చెను. పిమ్మట ఎరువుకుప్పలో పుట్టు వేడిని ఉపయోగింప నెంచి గ్రుడ్ల నందుంచెను. వేడిమి సరిగానే యుండెను. గ్రుడ్లు మాత్రము చెడిపోయెను. ఎన్నిసార్లు చేసినను ఇదే గతి. కడపట ఆయన కనుగొన్న దేమనగా, పేడనుండి లేచు తడియావిరి గ్రుడ్లకు విషమగుచున్నదని. అప్పుడాయన పీపాలను ఎరువులో పాతి, లోపలిగోడలకు గచ్చు పూసి, ఆవిరి లోనికి రాకుండ చేసి, వానిలో గ్రుడ్ల బుట్టలను వ్రేలాడదీసెను. పిల్లలు పుట్టినవి. రొట్టెలు కాల్చు పొయ్యిమీది గదిలోగూడ ఆయన పొదిగించి చూచెను. ఈ ప్రయోగముల విలువ పిల్లల లెక్కలో లేదు. వేడి సరిగా నున్నను తేమ సరిలేనిచో గ్రుడ్డు చచ్చునను సంగతిని అంకెను చేతబట్టుకొని నిరూపించుటలో నున్నది. ఉష్ణమాపకము లేకుండిన, ఆ గ్రుడ్ల చావునకు వేడినే నిందించి యుందురు.

ఈ గ్రంథమున నాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. ఉష్ణమాపకము కొనలేని పేదలకొర కాయన యొక యుపాయము చెప్పెను. అక్రోటుకాయంత వెన్నముద్దను, అందులో సగము జంతువుల క్రొవ్వుతో కలిపి కరగించి చిన్నసీసాలో పోయవలెను. దానిని గ్రుడ్లనడుమ నుంచవలెను. సీసాను వంచినప్పుడు లోపలిది చిక్కని పాకమువలె జారినచో వేడిమి సరి. గడ్డగా నిలిచినచో తక్కువ. నూనెవలె పారినచో ఎక్కువ. తన పేరు పెట్టుకొన్న యంత్రమునే కొనుడని చెప్పక, వెన్నయు క్రొవ్వును చాలునని చెప్పిన పండితుని హృదయము కొనియాడదగినది.

అయినను రెయోమ్యూరు చెప్పిన 32ను గ్రుడ్డిగా నమ్మరాదు. నేటి లెక్క ప్రకార మది 40 సెంటిగ్రేడు డిగ్రీలకు సమానము. నేడు గాలి తిరుగు యంత్రములలో నుంచునది ముప్పదియేడున్నర మాత్రమే. ఈ భేదమున కాయన యజాగ్రత్త కారణము కాదు. ఆయన గొట్టములో నుండినది సారాయి. సారాయి పాదరసమువలె సమముగా వ్యాకోచింపదని జెనీవావాడగు దెలూక్ 1772లో ప్రకటించిన గ్రంథము విశదము చేసెను. అంతేకాక కోడి కడుపునకు తగులు గ్రుడ్డు పైభాగపు వేడి వేరు. గూటి నేలకు తగులు అడుగుభాగపు వేడి వేరు. ఆయన కొలిచినది పైభాగము. కావున అంకె నొకచోటినుండి మరియొకచోటికి తీసికొనిపోవునపుడు, అది ఏ గొట్టమున, ఏ స్థలమున కొలువబడినదో గూడ వెంట తీసికొనిపోవలెను.

తరువాతి కథ వడివడిగా నడచినది. 1777 ప్రాంతమున బొన్నెమాయను ఫ్రెంచివాడు వేడినీటిని గొట్టములలో తిప్పి, లోహముల వ్యాకోచభేదముచే నిప్పును అదుపుచేయు యంత్రమును నిర్మించి పారిసు సంతలకు కోడిపిల్లలను పంపెను. 1881లో ఇంగ్లండులో చార్లెసు హియర్సను రెండు పలుచని లోహపురేకులనడుమ ఈథరు ఆల్కహాలుల మిశ్రమము కొన్ని చుక్కలుంచి మూసెను. తగిన వేడికి అది మరిగి రేకులను ఉబ్బించును. ఆ యుబ్బు దీపపు వేడిని ప్రక్కకు మళ్లించును. అతి సుందరమైన కల్పన. కాని ద్రవము మరుగుట గాలియొత్తిడిని బట్టి యుండును గనుక, వాతావరణము మారినప్పుడెల్ల దానిని కొంచెము దిద్దవలసినదే. 1918లో అమెరికాలో స్మితను వైద్యుడు పంకాతో గాలిని త్రిప్పు పెద్ద యంత్రమునకు పేటెంటు పొందెను. ఆ మీదట వేలు లక్షలైనవి.

పంకా వచ్చుటతో వేడిమి కొలతకు గొప్ప మేలు కలిగినది. గాలి నిలుకడగా నుండు పెట్టెలో వేడిగాలి పైకిపోవును, చల్లనిది అడుగున నిలుచును. ఒకే పెట్టెలో మూతక్రింద నొక అంకె, నేలమీద నొక అంకె. ఉష్ణమాపకపు బుడ్డి గ్రుడ్ల పైతలమునకు సమముగా నుండవలెననియు, అచ్చట సుమారు 38.6 డిగ్రీలుండవలెననియు నియమము పుట్టినది. గాలి తిరుగు యంత్రములో 37.5 చాలునని చెప్పుటకును, దీనిలో ఒక డిగ్రీ యెక్కువ యడుగుటకును కారణ మిదియే. మొదటిదానిలో గ్రుడ్డు చుట్టును ఒకే వేడి. రెండవదానిలో పైన ఎక్కువ, క్రింద తక్కువ. ఈ భేదము తెలియక ఒక యంత్రపు అంకెను మరియొకదానికి పెట్టి నష్టపోయినవారు లెక్కకు మిక్కిలి. మరియొక చిక్కు. బుడ్డిని గ్రుడ్డునకు తాకునట్లుంచిన, అది జీవమున్న గ్రుడ్డో కాదో చూడవలెను. రెండువారములు గడచిన పిండము తానే వేడి పుట్టించును. వట్టిగ్రుడ్డు నానుకొన్న మాపకము తక్కువ చూపును. దానిని నమ్మి దీపము పెంచినవాడు తక్కిన గ్రుడ్లను ఉడికించును.

ఇక గాజు సంగతి. ఉష్ణమాపకము ఒకసారి సరిగా నుండిన ఎల్లప్పుడు సరిగా నుండునని తలచుట సహజము. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జౌలు తన యుష్ణమాపక మొకదానిని 1844 మొదలు 1882 వరకు మంచులో నుంచి పరీక్షించుచు వచ్చెను. గాజుబుడ్డి కాలక్రమమున సంకోచించుటచే, మంచుస్థానము కొంచెము కొంచెముగా పైకి జరిగి, కడపటికి సుమారొక ఫారన్‌హీటు డిగ్రీ తప్పినది. ముప్పదియెనిమిదేండ్లు ఒక గొట్టమును అనుమానించుట సామాన్యమైన యోర్పు కాదు. 1880 దశకమున జర్మనీలోని జేనా నగరమున ఇట్లు మారని గాజును తయారుచేయ నారంభించుటకు ఇట్టి పరిశీలనలే దారిచూపినవి.

తేమ కొలత ఇంతకంటె కష్టము. 1783లో సోస్యూరను జెనీవా పండితుడు మనుష్యుని వెండ్రుక తేమకు సాగి, పొడికి కుదియుటను పట్టుకొని తేమమాపకమును చేసెను. 1825లో బెర్లినువాడగు ఆగస్టు రెండు ఉష్ణమాపకముల నొకచో నుంచి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టెను. గాలి యెంత పొడిగా నుండునో, గుడ్డలోని నీ రంత వేగముగా ఆవిరియై బుడ్డిని చల్లబరచును. రెండింటి భేదమును బట్టి పట్టికలో తేమ చూచుకొనవలెను. పొడిబుడ్డి 37.5, తడిబుడ్డి 30 చూపినచో తేమ నూటికి సుమారు ఏబదియెనిమిది. తడిబుడ్డి అంకెలో ఒక్క డిగ్రీ పొరపాటున్నను తేమలో అయిదు పాళ్లు తప్పును. గుడ్డకు మన బావినీటిలోని సున్నము పట్టి గట్టిపడినను, గాలి కదలక నిలిచినను తడిబుడ్డి ఎక్కువ చూపును. అనగా లేని తేమ ఉన్నట్లు తోచును. గుడ్డను మార్చి, వాననీరో కాచి దింపిన నీరో పోయుట స్వల్పకార్యము. స్వల్పము గనుకనే మరచిపోవుదురు.

1937లో అమెరికా వ్యవసాయశాఖవారి పక్షమున బారొట్ అనునతడు ప్రకటించిన పరిశోధనలో, గాలి తిరుగు యంత్రమున నూరు ఫారన్‌హీటు డిగ్రీల వేడియు, నూటికి అరువది తేమయు మంచి ఫలిత మిచ్చినవి. తేమ యింతే యుండవలెననుటకు గ్రుడ్డు పెంకే కారణము. కోడిగ్రుడ్డు పెంకునకు సుమారు పదివేల సన్నని రంధ్రములు కలవు. 1974లో ఆర్, పగనెల్లి, రాన్ మొదలగువారు ఆ రంధ్రములగుండ నీటియావిరి పోవు తీరును లెక్కకట్టి ప్రకటించిరి. గ్రుడ్డు పదునెనిమిది దినములలో తన బరువులో నూటికి పదకొండు మొదలు పదుమూడు పాళ్లవరకు కోల్పోవలెను. ఆ నీరు పోయినచోట గాలిగది యేర్పడును. పిల్ల తొలియూపిరి పీల్చునది అందులోనే. తక్కువ పోయిన పిల్ల తడిలో మునుగును. ఎక్కువ పోయిన పొర కరచుకొని పెంకు పగులగొట్టలేదు. కావున అరువది గ్రాముల గ్రుడ్డు పదునెనిమిదవనాటికి సుమారు ఏడు గ్రాములు తగ్గినదో లేదో తూచి చూచుకొన్నచో, వెండ్రుకతోను గుడ్డతోను పనిలేకయే తేమ తెలియును. బంగారపు పనివాని చిన్నత్రాసు చాలును. బెర్మేవాడు గ్రుడ్డును రెప్పకు తాకించి దానినే యడిగినట్లు, మనము త్రాసులో పెట్టి దానినే యడుగుచున్నాము.

ఇట్టి విద్య మన దేశమునకు వచ్చునప్పటి కొక చిక్కు వచ్చినది. హాలండు, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములలో పుట్టిన పెట్టెలన్నియు చలిగదిలో గ్రుడ్లను వెచ్చబరచుటకు కల్పింపబడినవి. గుంటూరు, పలనాడు ప్రాంతములలో వైశాఖమాసపు మధ్యాహ్నమున గదిలోని గాలియే నలువదికి మించును. వేడిచేయుట మాత్రమే తెలిసిన పెట్టె అప్పుడు దీప మార్పివేసి ఊరకుండును. గ్రుడ్లు ఉడుకుచునే యుండును. యంత్రము చెడలేదు, కొలత తప్పలేదు, గదియే తప్పు. తేమయు నట్లే. గదిలోని గాలి 25 డిగ్రీలలో నూటికి అరువది తేమతో నుండి, పెట్టెలోనికి పోయి 37.5 డిగ్రీలకు కాగినచో, నీటిచుక్క యొకటియు తగ్గకుండగనే దాని తేమ ముప్పదికి దిగును. గదిగోడమీద తేమమాపకము వ్రేలాడదీసి, లోపలగూడ అంతే యున్నదని సంతోషించువా రీ లెక్క నెరుగరు.

మా యూరిలో నాకు చెల్లెలి వరుసయగు నొక యిల్లాలు నాటుకోళ్ల గ్రుడ్లు పొదిగించి పిల్లలను అమ్ముకొని కుటుంబము నీడ్చుచున్నది. అంగడిలో కొన్న థర్మోకోలు పెట్టె, రెండు విద్యుద్దీపములు, చిన్నపంకా, అంకెలు వెలుగు చౌక మాపకము: ఇంతే యామె యంత్రశాల. మొదటి విడత అరువది గ్రుడ్లలో తొమ్మిది పిల్లలైనవి; రెండవ విడత పదునొకండు. అవియు ఇరువదిమూడవ దినముననో ఆ మరునాడో, బలహీనమై పుట్టినవి. అత్తగారు దిష్టి యనిరి. పొరుగువారు అమావాస్యనాడు పెట్టుటచే నిట్లైన దనిరి. మగడు గ్రుడ్లమ్మినవానిని తిట్టెను. ఉరుములకు గ్రుడ్లు చెడకుండ గంపలో ఇనుపమేకో బొగ్గుముక్కయో ఉంచు పాతయాచారము ననుసరించి, ఆమె ఆ థర్మోకోలు పెట్టెలోగూడ మే కొకటి యుంచినది! ఆ మేకును చూచి నాకు నవ్వు రాలేదు. మూడవ విడత గ్రుడ్లకు అప్పు తెచ్చియుండిరి.

ఆమె చేసిన తప్పు మేకునందు లేదు. పెట్టెమీద ఎర్రగా వెలుగు 37.5 అను అంకెను సందేహింపకుండుటయందున్నది. నేనడిగినప్పుడు “దశాంశము గూడ చూపుచున్నది గదా, అన్నయ్యా!” యని యామె యన్నది. చదువుకొన్నవారును ఇట్లే మోసపోవుదురు. ఇట్టి చౌక మాపకములలో కొన్నిటికి రెండు డిగ్రీలవరకు తప్పు ఉండవచ్చునని తయారుచేసినవారే తమ కాగితములలో వ్రాయుదురు. అట్టిది 37.5 చూపినచో నిజము ముప్పదియైదున్నర మొదలు ముప్పదితొమ్మిదిన్నర వరకు ఎక్కడనైన నుండవచ్చును. చివరి అంకె యెంత సన్నగా చూపబడినను అది సత్యమునకు గురుతు కాదు. మేకును నమ్ముటకును, పరీక్షింపని అంకెను నమ్ముటకును నాకు భేదము కనబడదు. గ్రుడ్లు ఆలస్యముగా పగిలినవి గనుక వేడిమి తక్కువయై యుండునని నే నూహించితిని. ఎక్కువయైన నిరువదియొకటవ దినమునకు ముందే పగులవలెను.

ఆ సాయంకాలము పరీక్ష చేసితిమి. లోటాలో గోరువెచ్చని నీరు పోసి, పాతదియైన జ్వరపు థర్మామీటరును, ప్లాస్టికు సంచిలో చుట్టిన ఆ మాపకపు కొనను ప్రక్కప్రక్కన ముంచి, నీటిని కలుపుచు చూచితిమి. జ్వరపు థర్మామీటరును నేరుగా పెట్టెలో నుంచరాదు. అది ఎక్కిన యెత్తును పట్టియుంచును గాని దిగదు, కనుక దీపము వెలిగి యారుచుండు పెట్టెలో శిఖరమునే చూపును. నీటిలో నా చిక్కు లేదు. వెలుగు అంకె 38.6, పాదరసము 37.4. మంచుముక్కల నీటిలో నుంచగా సున్న చూపవలసినది ఒకటికి పైన చూపినది. రెండుచోట్లను తప్పు ఒకే దిక్కున నుండుట మా కనుమానము తీర్చినది. తేమమాపకమునకు వేరొక పరీక్ష. సీసామూతలో ఉప్పు పోసి, కరగిపోకుండ ముద్దయగునంత నీరు చల్లి, మాపకముతోగూడ గట్టిమూతయున్న డబ్బాలో రాత్రియంత యుంచితిమి. అట్టి డబ్బాలో తేమ నూటికి డెబ్బదియైదుండును. ఎండకాలమైనను చలికాలమైనను అది మారదు. తెల్లవారి చూడగా అరువదియెనిమిది యున్నది.

ఆమె యప్పుడే బొగ్గు తీసికొని పెట్టెప్రక్క గోడమీద వ్రాసినది: “వేడి 1.2 తగ్గించి చదువవలె. తేమ 7 కలుపవలె.” దాని క్రింద గ్రుడ్లు పెట్టిన తేదియు, వానిలో గురుతుపెట్టిన అయిదు గ్రుడ్ల బరువును వ్రాసుకొన్నది. మేకు మాత్రము పెట్టెలోనే యున్నది. అత్తగారు తీయనియ్యలేదట, నేనును తీయుమనలేదు. మూడవ విడతలో అరువదికి నలువదియొక్క పిల్లలు ఇరువదియొకటవనాటి రాత్రికే పెంకులు పగులగొట్టినవి.